పాముకు పన్ను ఊడితే

2020 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. ఇంట్లో పెంచుకున్న ఒకాయన 1961లో దాన్ని జూకు అప్పగించాడు. గుడ్లు పెట్టేనాటికి దాని వయసు 62 ఏళ్లకు తక్కువ ఉండదని జూ వాళ్ల అంచనా. కనీసం పదిహేనేళ్లుగా మగపాము పొడ తగలని ముసలిపాము గుడ్లెలా పెట్టిందని పత్రికలు అబ్బురపడ్డాయి. అబ్బురపడవలసిన సంగతి దాని నోట్లోనూ ఉంది. అరవై దాటిన మనిషి నోట్లో సిమెంటు పెట్టించుకున్న పళ్లు, క్యాపు వేయించుకున్న పళ్లు, పీకించుకుని కట్టించుకున్న పళ్లు ఎన్నో ఉంటాయి. అదే వయసు పాము నోట్లో ఏళ్లనాటి పన్ను ఒక్కటీ ఉండదు. పుట్టింది మొదలు చచ్చేదాకా పాముకు పళ్లు రాలుతూనే ఉంటాయి, మొలుస్తూనే ఉంటాయి.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ. పూర్తిగా పెరిగినా సాధారణంగా నాలుగైదు అడుగులు మించదు. నెమ్మది స్వభావం. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దశాబ్దాలుగా లక్షల సంఖ్యలో ఎగుమతి అవుతూ వచ్చింది. అమెరికాలోనూ యూరప్‌లోనూ పెంపుడు పాము అనగానే ముందు తట్టే పేర్లలో దానిదొకటి. దాన్ని పెంచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే అనుభవం ఇది: నీళ్లగిన్నె అడుగునో, మలంలోనో, కరిచి వదిలేసిన ఎలుక తోలు మీదో సన్నగా, తెల్లగా, వంపు తిరిగిన ముల్లు ఒకటి కనిపిస్తుంది. పన్ను! గుండె గుభేలుమంటుంది. మనుషుల్లో పెద్దయ్యాక ఊడిన పన్ను తిరిగి రాదు గనుక ఆ భయం సహజమే. కానీ ఆ ముల్లును చూసి కంగారు పడనక్కర్లేదు. కంగారు పడవలసినవి వేరే ఉన్నాయి, అవి చాలాసార్లు కంటపడవు.

అవేమిటో తెలియాలంటే ముందు పాము పన్ను చేసే పని తెలియాలి.

విషం లేని పాముల్లో అధికభాగానికి నోట్లో ఆరు వరుసల పళ్లుంటాయి. పై దవడ అంచున చెరో పక్క ఒక వరుస, వాటికి లోపలగా అంగిలి మీద చెరో పక్క మరో వరుస, కింది దవడకు రెండు వరుసలు. కొండచిలువల్లో చాలావాటికి మూతి కొసన, పై పెదవి లోపల, అదనంగా మరికొన్ని చిన్న పళ్లుంటాయి. ఏ పన్నూ నమలడానికి పనికిరాదు. గాలపు ముల్లులా అన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. నోట చిక్కిన ఎలుక వెనక్కి గుంజుకున్న కొద్దీ ఇంకా లోతుగా దిగుతాయి. మింగే పని అంగిలి మీది లోపలి వరుసలది. కుడివైపు ఎముక ముందుకు జరిగి పళ్లు దించుతుంది, ఆ తరువాత ఎడమవైపుది. ఇలా ఒకటి విడిచి ఒకటి కదులుతూ ఎర మీదుగా తలను ముందుకు నడిపిస్తాయి. నిజానికి పాము ఎరను లోపలికి లాక్కోదు, తానే ఎర మీదికి ఎక్కుతుంది.

తిండి మారితే పన్నూ మారుతుంది. మన ఇళ్లలోకి బల్లుల కోసం వచ్చే తోడేలు పామును కట్లపాము అనుకుని కొట్టి చంపేస్తుంటారు. దానికి విషం లేదు. ఉన్నవల్లా ముందు భాగంలో కొంచెం పెద్ద పళ్లు. గట్టి పొలుసులతో నున్నగా జారిపోయే నలికిరిని పట్టడానికి అవే ఆధారం. జపాన్ దక్షిణ దీవుల్లో నత్తలను తిని బతికే ఇవాసాకి పాముది మరీ విచిత్రం. దాని కింది దవడలో ఎడమవైపు సగటున 18 పళ్లుంటే కుడివైపు 25 ఉంటాయి. నత్తల్లో ఎక్కువ భాగం కుడివైపు చుట్టు తిరిగినవే కావడంతో, గుల్లలోంచి మాంసాన్ని బయటికి లాగడానికి పాము నోరే ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆఫ్రికాలో గుడ్లు మాత్రమే తినే పాములకు పళ్లు దాదాపు లేనట్టే. గొంతు దిగాక వెన్నుపూసల కింది మొనలే గుడ్డును పగలగొడతాయి.

ఇంత సన్నని పళ్లతో ప్రాణమున్న జంతువును పట్టి ఉంచడమంటే అవి విరగడం ఖాయం. కాబట్టే పాము నోట్లో పళ్ల తయారీకి ఆపు లేదు. చిగురు లోపల, పళ్ల వరుస పొడవునా, ఒక సన్నని కణాల పట్టీ ఉంటుంది. మనుషుల్లోనూ ఇలాంటి పట్టీ పుడుతుంది, రెండు తరాల పళ్లిచ్చి కరిగిపోతుంది. పాములో అది జీవితాంతం బతికే ఉంటుంది. ప్రతి పన్ను వెనకా చిగురులో ఒకటి కాదు, వేర్వేరు దశల్లో ఉన్న పిల్ల పళ్లు కొన్ని పడుకున్నట్టు వాలి ఉంటాయి. ముందున్నది రాలితే తరువాతిది లేచి ఆ చోట నిలబడి ఎముకకు అతుక్కుంటుంది.

అతుక్కోవడం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. మన పంటికి లోతైన వేరుంటుంది. ఆ వేరు ఎముక గుంటలో మెత్తని నార సాయంతో కూర్చుంటుంది. పాము పంటికి అలాంటి వేరు లేదు, నడుమ నార లేదు. పంటి అడుగు నేరుగా దవడ ఎముకతో కలిసిపోతుంది. మరి అంత గట్టిగా అతికిన పన్ను సమయం వచ్చేసరికి ఎలా ఊడుతుంది? 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. మొసలి వంటి సరీసృపాల్లో కొత్త పన్ను పాతదాన్ని బయటినుంచి కరిగిస్తూ వస్తుంది. పాముల్లో పంటిని తినే కణాలు పాత పంటి లోపలి గుజ్జులోనే తయారై, లోపలి గోడలను కరిగించి డొల్ల చేసేస్తాయి. పలచబడ్డ పన్ను ఎముక నుంచి విడిపోతుంది. శిలాజాలైపోయిన ప్రాచీన పాముల పళ్లలోనూ పరిశోధకులు ఇదే గుర్తు చూశారు. నీళ్లగిన్నెలో దొరికిన ముల్లును భూతద్దం కింద పెడితే అడుగున డొల్ల కనిపించడానికి కారణం ఇదే.

పక్కపక్క పళ్లు సాధారణంగా ఒకేసారి రాలవు. ఒకటి గట్టిగా ఉన్నప్పుడు దాని పక్కది ఊడే దశలో ఉంటుంది. అందువల్ల ఏ రోజు చూసినా వరుసలో అక్కడక్కడా ఖాళీలుంటాయి, పట్టు మాత్రం తప్పదు. రాలిన పళ్లలో చాలావరకు ఎరతో పాటు కడుపులోకే పోయి మలంలో బయటికొస్తాయి. పెంచేవాడి కంటపడేవి కొన్నే.

పిప్పి పళ్ల బెడద కూడా పాముకు దాదాపు లేదు. తీపి తినదు, పిండిపదార్థం తినదు, నమలదు, పైగా పుచ్చేంత కాలం ఏ పన్నూ నోట్లో ఉండదు. దీని విలువ తెలియాలంటే అదే పెంపుడు జంతువుల దుకాణంలో పక్క పెట్టెలో ఉండే బియర్డెడ్ డ్రాగన్ తొండ నోరు తెరిచి చూడాలి. దాని దవడ పక్కల పళ్లు జీవితంలో మళ్లీ రావు. మెత్తని పండ్లు పెట్టి పెంచిన తొండల్లో పాచి పేరుకుని, చిగురు కిందికి దిగి, దవడ ఎముక కుళ్లడం వైద్యులకు నిత్యం ఎదురయ్యే జబ్బు. ఆ తొండకు పళ్లు శుభ్రం చేయించాలి. పాముకు అక్కర్లేదు.

అయితే పాముకు నోటి జబ్బులు రావని కాదు. వస్తాయి, ప్రాణం తీస్తాయి కూడా. అవి మొదలయ్యేది పంటిలో కాదు, చిగురులో.

పెంచేవాళ్లు దీన్ని మౌత్ రాట్ అంటారు, అంటే నోరు కుళ్లడం. వైద్యులు స్టొమటైటిస్ అంటారు. దీనికి కారణమయ్యే సూడోమోనాస్, ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా తరచు ఆరోగ్యంగా ఉన్న పాము నోట్లోనూ ఉంటాయి. పాము ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం అవి అణగి ఉంటాయి. అది తగ్గిన రోజున, చిగురు మీద చిన్న గాటు దొరికితే చాలు, లోపలికి దూరతాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు: గాటు ఎక్కడిది, సత్తువ ఎందుకు తగ్గింది?

గాటుకు కారణాలు పెట్టెలోనే ఉంటాయి. దాక్కునే చోటు లేని పాము రాత్రంతా మూతిని ఇనుప జాలీకో గాజు అంచుకో రాస్తూ బయటి దారి వెతుకుతుంది. పెదవి పొలుసులు చెదిరి, చిగురు కమిలి, ముందు పళ్లు విరుగుతాయి. బతికున్న ఎలుకను పెట్టెలో వదిలేస్తే, ఆకలి లేని పామును ఆ ఎలుకే కొరికేస్తుంది. అలా మొహం, వీపు ఎముకలు బయటపడేలా కొరికించుకున్న పాములను సరీసృపాల వైద్యులు చూస్తూనే ఉంటారు. అందుకే చంపి గడ్డకట్టించి, మళ్లీ వెచ్చబరిచిన ఎలుకను పటకారుతో అందించాలని వాళ్లు పట్టుబడతారు. తినని పాము నోరు బలవంతంగా తెరిచి ఎలుకను కుక్కడం మరో ప్రమాదం. పళ్లు విరిగి, విరిగిన ముక్క చిగురులో ఇరుక్కుని చీము పట్టడానికి అదొక్కటి చాలు. బాల్ పైథాన్ ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి తినకపోవడం మామూలే. ఒళ్లు తగ్గనంతవరకు తొందరపడటం తప్పు.

పాము చేతిని కరిచినప్పుడు కూడా ఇదే సూత్రం. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగితే వంపు తిరిగిన పళ్లు తోలును చీల్చడమే కాక పాము చిగురునూ చీలుస్తాయి. కొన్ని పళ్లు చేతిలోనే విరిగి ఉండిపోతాయి. తలను కొద్దిగా ముందుకు, అంటే కరిచిన వైపుకే, నెట్టి పళ్లను వదిలించాలి.

ఇక సత్తువ. అది వేడిలో ఉంది, వేడి తగ్గితే అదీ తగ్గుతుంది. ఈ ఒక్క మాట తెలియక చచ్చిపోయిన పెంపుడు పాములు లెక్కలేనన్ని. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం 1975లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. ఎడారి ఇగువానా బల్లులకు ఏరోమోనాస్ బ్యాక్టీరియాను ఎక్కించి, వాటిని 34 డిగ్రీల నుంచి 42 డిగ్రీల దాకా వేర్వేరు వేడిలో ఉంచారు. వెచ్చగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి, చల్లగా ఉంచినవాటిలో ఎక్కువ చచ్చాయి. వేడి, చల్లని చోట్లు రెండూ అందుబాటులో ఉంచితే జబ్బు చేసిన బల్లులు తమంతట తామే మామూలుకన్నా వెచ్చని చోటుకు వెళ్లాయని అంతకుముందే తేలింది. మనకు ఒంట్లోనే పుట్టే జ్వరాన్ని సరీసృపం బయటినుంచి తెచ్చుకుంటుంది. గాజుపెట్టెలో ఆ వెచ్చని చోటే లేకపోతే జ్వరం తెచ్చుకునే దారి దానికి లేదు.

బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక మూల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో మూల 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. గాలిలో తేమ కనీసం యాభై అరవై శాతం ఉండాలి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ ఒళ్లు కాలుస్తుంది, గదిలో ఏసీ రాత్రంతా నడిస్తే పెట్టె చల్లారిపోతుంది. ఈ అంకెలు చూడ్డానికి చిన్న విషయాలే. నోటి జబ్బుతో వచ్చిన పామును చూసిన అనుభవజ్ఞుడైన వైద్యుడు నోటి గురించి అడిగే ముందు పెట్టె గురించి అడిగేది వీటి కోసమే.

జబ్బు తొలి గుర్తులు చాలా చిన్నవి. చిగురు మీద ఎర్రని చుక్కలు, పెదవి అంచున కొంచెం వాపు, తీగలు సాగే చిక్కని లాలాజలం, రెండు పెదవులు సరిగా కలవకపోవడం. తిన్న తరువాత పాము నోరు బార్లా తెరిచి దవడలు సర్దుకోవడం జబ్బు కాదు. ఏ పనీ లేకుండా పదేపదే నోరు తెరిచి తల పైకెత్తి ఉంచితే మాత్రం అనుమానించాలి. తరువాతి దశలో పళ్ల వరుస వెంబడి గట్టి పసుపుపచ్చ ముద్దలు కనిపిస్తాయి. అదే పాము చీము. మన చీమును పలచగా కరిగించే ఎంజైములు దాని తెల్లకణాల్లో కొరవడటంతో అది కారదు, ముద్ద కడుతుంది. కారని చీము తనంతట తాను బయటికి పోదు, మందు కూడా దానిలోకి ఇంకదు. చేత్తో తీయవలసిందే. ఈ దశలో రాలే పళ్లు మాత్రం వయసు తీరి రాలేవి కావు. ఒకే చోట అనేకం, రక్తంతో, వాచిన చిగురుతో రాలుతాయి. ఆ తేడా కనిపెట్టడం తెలిసినవాడికి సగం ప్రమాదం తప్పినట్టే.

ముదిరితే జబ్బు నోట్లోనే ఆగదు. కిందికి దిగి దవడ ఎముకను పడుతుంది, అప్పుడు కొత్త పన్ను అతుక్కోవడానికి గట్టి చోటుండదు. పాము శ్వాసనాళం నోటి ముందుభాగంలోనే తెరుచుకుంటుంది కాబట్టి చీము ఊపిరితిత్తిలోకి జారి న్యుమోనియా తెస్తుంది. మూడో దారి ఎవరూ ఊహించరు. పాము కంటికి రెప్పలు లేవు, పారదర్శకమైన పొలుసొకటి కప్పి ఉంటుంది. ఆ పొలుసు కింది కన్నీరు సన్నని గొట్టం ద్వారా నోటి పైకప్పులోకి దిగుతుంది. నోటి జబ్బు అదే గొట్టం వెంట ఎదురెక్కి కంటి పొలుసు వెనక చీము నింపుతుంది. కన్ను ఉబ్బిందని తీసుకొచ్చిన పాముకు వైద్యుడు ముందు నోరు తెరిచి చూడటంలో అర్థం అది.

కొన్నిసార్లు నోటి జబ్బు పైకి కనిపించే ముసుగు మాత్రమే. బోవాల్లో, కొండచిలువల్లో ఏనాటినుంచో తెలిసిన ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ వెనక ఒక కొత్త అరీనావైరస్ జాతి ఉందని 2012లో బయటపడింది. బాల్ పైథాన్లలో నిడోవైరస్‌ను 2014లో గుర్తించారు. నోట్లో జిగురు పేరుకోవడం, చిగురు ఎర్రబారడం, ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. రెండింటికీ మందు లేదు. కొత్తగా తెచ్చిన పామును మూడు నెలలు వేరే గదిలో ఉంచి, పటకారు, నీళ్లగిన్నె కూడా వేరుగా వాడాలని చెప్పేది వీటి భయంతోనే. ఈ జాగ్రత్త అనవసరపు హడావిడి అనుకున్నవాళ్లు ఒక్క పాముతో మొత్తం పాములన్నిటినీ పోగొట్టుకున్న సందర్భాలున్నాయి.

వైద్యం ఓపికతో కూడినది. మత్తిచ్చి చచ్చిన కణజాలాన్ని తీసేస్తారు, చీము ముక్కను ల్యాబుకు పంపి ఏ బ్యాక్టీరియాకు ఏ మందు పని చేస్తుందో చూస్తారు, ఎముకకు ఎక్స్‌రే తీస్తారు. పలచన చేసిన క్లోర్‌హెక్సిడిన్‌తోనో పోవిడోన్ అయోడిన్‌తోనో రోజూ నోరు కడుగుతారు. సెఫ్టాజిడైమ్ వంటి యాంటీబయాటిక్ పాము ఒంట్లో నెమ్మదిగా ఖర్చవుతుంది, కాబట్టి మూడు రోజులకొకసారి సూది మందుగా సరిపోతుంది. ఈ కాలమంతా పామును వెచ్చగా ఉంచకపోతే మందు వృథా. ఇంట్లో దొరికిన మౌత్‌వాష్ పోయడం, వాపును గిల్లడం, చీమును అగ్గిపుల్లతో పెకలించడం ఈ జబ్బును ముదరబెట్టే పనులు.

కోరల విషయానికొస్తే, నియమం అదే, పర్యవసానం వేరు. కోర కూడా పన్నే. పై దవడ ఎముక మీద చెరో పక్క రెండేసి గుంటలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో ఉన్న కోర రాలే లోపే రెండో దాంట్లో కొత్తది వచ్చి కూర్చుంటుంది. వెనక చిగురులో మరికొన్ని సిద్ధమవుతూ ఉంటాయి. నాగుపాముకైనా రక్తపింజరకైనా కోర లేని రోజంటూ మామూలుగా ఉండదు.

ఈ సంగతి తెలియకో, తెలిసి కొద్దిరోజుల పని గడిస్తే చాలనుకునో, పాములాడించేవాళ్లు నాగుపాము కోరలు పీకేస్తారు. తెలంగాణలో శ్రావణంలో నాగపంచమికి, ఆంధ్రలో కార్తీకంలో నాగుల చవితికి ముందు ఇలా పట్టిన పాములు ఎక్కువగా బయటపడతాయి. కొన్నిటికి నోరు కూడా దారంతో కుట్టేసి ఉంటుంది. రోజుల తరబడి నీళ్లు లేక అల్లాడిన పాము పాలు పోస్తే తాగుతుంది, దాన్ని భక్తులు మహిమ అనుకుంటారు. పాలు పాముకు తిండి కాదు, ఊపిరితిత్తిలోకి పోతే ప్రాణమే పోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నాగుపామును పట్టడం, ఆడించడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కొండచిలువ, జెర్రిపోతు, రెండుతలల పాము విషయంలోనూ అంతే. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతిని పెంచాలన్నా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించవలసిందే.

కోర పీకినంత మాత్రాన పాము విషం లేనిదైపోదు. విషగ్రంథి అక్కడే ఉంటుంది, వెనకాల కోరలు ఎదుగుతూనే ఉంటాయి. కోరలు లేవన్న ధీమాతో పట్టుకున్నవాణ్ని కొత్త కోర కాటేస్తే ఆశ్చర్యమేమీ లేదు. పాముకు మాత్రం నష్టం ఆ రోజే మొదలవుతుంది. శుభ్రం లేని పనిముట్టుతో చీల్చిన చిగురులోకి బ్యాక్టీరియా దిగి, పైన చెప్పిన నోటి కుళ్లే పట్టుకుంటుంది. అలాంటి నాగుపాము చేతికొచ్చినప్పుడు వైద్యులు ముందు కుట్లు విప్పి, నీరు పట్టించి, వెచ్చగా ఉంచి, నోరు శుభ్రం చేస్తారు. తరువాత వారాల తరబడి ఒక్కటే చూస్తారు: కోర మొలుస్తోందా లేదా. గాయం పైపైన ఆగి ఉంటే మొలుస్తుంది, పాము తిరిగి వేటాడి బతకగలదు. కోరతో పాటు చిగురులోని కణాల పట్టీని, కింది ఎముకను కూడా కోసేసి ఉంటే ఆ పక్క కోర ఇక రాదు. దాన్ని అడవిలో వదలాలా, మానాలా అన్నది ఆ పరీక్ష తరువాతే తేలుతుంది.